మాస్కు తీయడానికి ఏది కొలత?

2021 మే 13న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, కోవిడ్ టీకా పూర్తయి రెండు వారాలు దాటినవాళ్లు చాలాచోట్ల మాస్కు తీసేయవచ్చంది. ఆసుపత్రులు, బస్సులు, విమానాలకు మాత్రం మినహాయింపు. అప్పటికి ఆ దేశంలో టీకా పూర్తయినవాళ్లు మూడో వంతుకు కాస్త పైన. మర్నాటి నుంచే పెద్ద దుకాణాల్లో నోటీసులు మారాయి: టీకా వేసుకున్నవాళ్లకు మాస్కు అక్కర్లేదు. వేసుకున్నదీ లేనిదీ తేల్చేదెవరు? గుమ్మంలో సర్టిఫికెట్ అడిగేవాడు లేడు, అంతా మనిషి మాట మీదే. వేసుకోనివాడు కూడా దర్జాగా మాస్కు లేకుండా లోపలికి నడవొచ్చు. 75 రోజులకే, జూలై 27న, వైరస్ బాగా తిరుగుతున్న ప్రాంతాల్లో టీకా వేసుకున్నవాళ్లూ నలుగురున్న గదుల్లో మాస్కు పెట్టుకోవాలని అదే సంస్థ చెప్పాల్సి వచ్చింది. తొందరపడ్డారని అప్పట్లో చాలామంది అన్నారు. నా లెక్కలో తొందరకన్నా పెద్ద తప్పు కొలతది. ఊళ్లో వైరస్ ఎంత ఉందో చూసి పెట్టాల్సిన నిబంధనను మనిషి వేయించుకున్న సూదికి ముడిపెట్టారు.

ఇలా తీసి మళ్లీ పెట్టుకోవడం కొత్తేమీ కాదు. ఇన్‌ఫ్లుయెంజా కాలంలో, 1918 నవంబర్ 21 మధ్యాహ్నం శాన్‌ఫ్రాన్సిస్కోలో కూతలు మోగగానే జనం మాస్కులు పీకి వీధుల్లో పారేశారు. జనవరి 17న మళ్లీ కట్టుకోమన్నారు. అప్పుడు టీకా లేదు. 2021లో టీకాల్లో ముందు వరుసలో ఉన్న ఇజ్రాయెల్, జనాభాలో సగం మందికి పైగా టీకా వేశాక, జూన్ 15న గదుల్లోనూ మాస్కు ఎత్తేసింది. డెల్టా అనే కొత్త రకం వైరస్ బడుల్లోంచి పాకింది. జూన్ 25కల్లా మాస్కు తిరిగొచ్చింది. పది రోజుల ముచ్చట!

డెల్టా వస్తుందని ఎవరికి తెలుసు అంటారేమో. ఆ రకం ఉన్న వంశాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆందోళనకరమని ప్రకటించింది మే 11న, అంటే సీడీసీ ప్రకటనకు రెండు రోజుల ముందు. డెల్టా తెచ్చిన రెండో వేవ్ దెబ్బకు తెలంగాణ లాక్‌డౌన్‌లోకి వెళ్లింది మే 12న. వార్త దాగి లేదు. ఇక రెండో వాదన: మాస్కు తీయొచ్చంటేనే జనం టీకాకు వస్తారు. ఆశ చూపడం తప్పు కాదు. కానీ టీకా లేనివాడికీ అదే సౌకర్యం ఊరికే దొరికితే, వాడు టీకాకు క్యూ కట్టేదెందుకు? మరి టీకా పనిచేయలేదా అంటే, చేసింది. జూలైలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్రావిన్స్‌టౌన్ సంబరాల తర్వాత లెక్కకొచ్చిన 469 కేసుల్లో దాదాపు మూడొంతుల మంది టీకా పూర్తయినవాళ్లే. ఆసుపత్రిలో చేరింది ఐదుగురు, చావులు లేవు. ఒంటిని కాచే పని టీకా చేసింది, పక్కవాడికి అంటకుండా ఆపే పని మాత్రం దానికి పూర్తిగా చేతకాలేదు. మాస్కు ఉన్నది ముఖ్యంగా ఆ రెండో పనికే.

చివరికి 2022 ఫిబ్రవరి 25న సీడీసీ కొలత మార్చింది. కొత్త కేసులు, ఆసుపత్రుల్లో చేరికలు, నిండిన పడకలు చూసి జిల్లాలాంటి ఒక్కో కౌంటీకి ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగు ఇచ్చింది. నారింజ పడితే, టీకా వేసుకున్నా లేకున్నా, నలుగురున్న గదిలో అందరూ మాస్కు పెట్టుకోవాలని అప్పుడు చెప్పింది.