బొమ్మ ఓడ కింద బేస్ – విక్రాంత్ నేర్పిన పాఠం

బేస్ అనగానే మన సర్వీసు వాళ్ళకు గుర్తొచ్చేవి విశాఖ, కొచ్చి, పోర్ట్ బ్లెయిర్. నేను చెప్పబోయే బేస్ వేరు. నౌకాయుద్ధ క్రీడలో, అంటే వార్‌గేమ్‌లో, వేలెడంత బొమ్మ ఓడ కింద అతికించే చిన్న పలక అది. ఇంత చిన్న పలక మీద చరిత్ర వ్యాసమా అని నవ్వుకోకండి. 1971లో విక్రాంత్‌ను అండమాన్‌లో దాచిన ఘట్టాన్ని బల్ల మీద ఆడబోయి, మేము బోల్తా పడింది ఈ పలక దగ్గరే.

బొమ్మ ఓడల ఆటను ఉత్త కాలక్షేపం అనుకోవద్దు. ‘జేన్స్ ఫైటింగ్ షిప్స్’ పుస్తకంతో మనందరికీ తెలిసిన ఫ్రెడ్ జేన్ 1898లోనే నౌకాయుద్ధ క్రీడకు నియమావళి తెచ్చాడు. అమెరికాలో న్యూపోర్ట్ నేవల్ వార్ కాలేజీ తరతరాల ఆఫీసర్లకు ఇలాంటి ఆటలతోనే శిక్షణ ఇచ్చింది. 1942లో బ్రిటిష్ నేవీ లివర్‌పూల్‌లో ఒక హాలు నేలనే అట్లాంటిక్ సముద్రంగా గీసి, కాన్వాయ్ ఎస్కార్ట్ కమాండర్లకు జర్మన్ సబ్‌మెరైన్లను ఎలా ఎదుర్కోవాలో నేర్పింది. అక్కడ ఆటగాళ్ళు తెరల చాటున కూర్చుని, చిన్న కంత లోంచి మాత్రమే నేలను చూడాలి. సముద్రం మీద కెప్టెన్‌కు ఎంత కనిపిస్తుందో, ఆటలోనూ అంతే కనిపించాలన్నది అక్కడి సూత్రం.

ఇక మన కథ. 1971 నవంబరు 14న పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. దాని గురి విక్రాంత్. మన విక్రాంత్ బాయిలర్ ఒకటి పగుళ్ళిచ్చి, పూర్తి వేగం అందుకోలేని స్థితిలో ఉంది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఆ ఓడను అండమాన్‌కు పంపించేశారు. ఉత్తర అండమాన్‌లోని పోర్ట్ కార్న్‌వాలిస్‌లో మన నౌకలు లంగరు వేసుకున్నాయి. ఇక్కడ విశాఖలోనేమో, ముసలి డిస్ట్రాయర్ రాజ్‌పుత్ విక్రాంత్ వేషం కట్టింది. పెద్ద ఓడ ఉన్నంత హడావుడిగా వైర్‌లెస్ సందేశాలు పంపింది. బజార్లో భారీగా సరుకులకు ఆర్డర్లు వెళ్ళాయి. జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతూ విక్రాంత్ నావికుడి పేరిట ఒక మామూలు టెలిగ్రాం కూడా పంపించామని కృష్ణన్ తరవాత రాసుకున్నారు. ఘాజీ విశాఖకే వచ్చింది. డిసెంబరు 3-4 అర్ధరాత్రి హార్బర్ బయట మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలు నేటికీ కలవవు. 4వ తేదీన విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ, నేను పనిచేసిన రోజుల్లో అది పోర్ట్ బ్లెయిరే. ఒక వానాకాలం నలుగురం తెలుగువాళ్ళం ఈ ఆట మొదలెట్టాం. స్కేలు 1:3000. ఆ లెక్కన 213 మీటర్ల విక్రాంత్ 7 సెంటీమీటర్లు, రాజ్‌పుత్ మూడున్నర, ఘాజీ 3 సెంటీమీటర్ల పైచిలుకు. అట్టముక్కలు కత్తిరించి ఓడకు తగ్గ సైజులో బేస్‌లు చేసి, వాటి మీద పేర్లు అందంగా రాశాం. ఘాజీ నడపమని ఒక మిత్రుడి అబ్బాయికి ఇచ్చాం. వాడు విశాఖ వైపు కన్నెత్తి చూడలేదు, సరాసరి అండమాన్‌కు నడిపాడు. “అదేంట్రా?” అంటే “పేరు కనిపిస్తోంది కదంకుల్!” అన్నాడు.

పేర్లు చెరిపేశాం. అయినా వాడికి తెలిసిపోయింది. పెద్ద పలకే విక్రాంత్ కదా! అప్పుడు గానీ మాకు బుర్ర వెలగలేదు. కృష్ణన్ దాచిన రహస్యాన్ని మా అట్టముక్క బయటపెట్టేస్తోంది.

అందుకే మళ్ళీ మొదటికొచ్చాం. ఓడ ఏదైనా సరే, బేస్ మాత్రం ఒకే కొలత, 8 సెంటీమీటర్ల పొడవు, 3 వెడల్పు. పేరు పలక అడుగున. ముందు ఖాళీ బేస్‌లే కదులుతాయి. ఎదుటివాడు నిజంగా చూశాడని తేలాకే పైన బొమ్మ పెట్టాలి. అక్కరలేని ఖాళీ బేస్‌లు మరో రెండు కలిపాం. అవి అబద్ధపు సందేశాలన్నమాట.

రెండో చిక్కు దూరం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1200 కిలోమీటర్లు. బల్ల మీద సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు అనుకుంటే మా బేస్ ఒక్కటే 80 కిలోమీటర్ల సముద్రాన్ని కప్పేస్తుంది! కాబట్టి ముందంచు మధ్యలో ఒక తెల్లచుక్క పెట్టాం. ఓడ ఉన్నది ఆ చుక్క దగ్గరే, కొలతలన్నీ అక్కణ్ణుంచే. అంచుల నుంచి కొలిస్తే పెద్ద బేస్ వాడికి ఊరికే లాభం, వాదులాటకు అంతుండదు.

మూడోది వాతావరణం. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల వాన పడే చోట అట్ట వంకర తిరిగింది, ప్లైవుడ్ ఉబ్బింది, రేకు తుప్పు పట్టింది. చివరికి రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటే నిలబడింది. నీలంరంగు కూడా మెరుపు లేనిది వేస్తేనే కళ్ళకు హాయి.

కొత్త బేస్‌లతో ఆ అబ్బాయే మళ్ళీ ఘాజీ నడిపాడు. ఈసారి చాలాసేపు తటపటాయించాడు. చివరికి సందేశాలు ఎక్కువగా వస్తున్న విశాఖ వైపే తిరిగాడు. ఆట అయ్యాక, “పాపం, ఘాజీ కెప్టెన్ తెలివితక్కువవాడు కాదంకుల్, ఆయనకు కనిపించిందే అంత” అన్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. శత్రువును మూర్ఖుడనుకుంటే మన విజయం విలువ మనమే తగ్గించుకున్నట్టు. అటువైపు ఉన్నవాళ్ళూ నావికులే, పని తెలిసినవాళ్ళే. అలాంటివాళ్ళను కూడా నమ్మించగలిగారు కాబట్టే అది గొప్ప ఎత్తుగడ.

చరిత్ర చదివేటప్పుడు మనకు అన్ని ఓడల పేర్లూ, ఫలితమూ ముందే తెలుసు. ఆ రాత్రి సముద్రం మీద ఉన్నవాళ్ళకు తెలియదు. పిల్లలకు ఈ ఆట నేర్పదలచిన మిత్రులకు నా మనవి ఒక్కటే. ఓడ బొమ్మ ఎంత అందంగా ఉన్నా సరే, ముందు బేస్ చూసుకోండి. అది ఏం చెబుతోందో, ఏం దాస్తోందో చూసుకోండి.

జై హింద్.