చైనా ‘ఇరవైనలుగురు’: పితృభక్తి బొమ్మల కథల చరిత్ర

చైనాలో పితృభక్తి కథలకు బొమ్మలు మొదట గీసింది పిల్లల కోసం కాదు, చనిపోయినవారి కోసం. షాన్‌డాంగ్ ప్రాంతంలోని జియాషియాంగ్‌లో, క్రీ.శ. 151లో మరణించిన వూ లియాంగ్ పేరిట కట్టిన మందిరం గోడల మీద ఆదర్శ పుత్రుల కథలు రాతిలో చెక్కి ఉన్నాయి. బొమ్మ పక్కనే పేరు చెక్కడం వల్ల ఎవరు ఎవరో తెలిసిపోతుంది. తల్లిదండ్రులకు తమ ముసలితనం గుర్తురాకూడదని, తానూ వృద్ధుడై ఉండి పసివాడిలా ఆడిన లావో లైజీ అక్కడున్నాడు.

ఆరో శతాబ్దం తొలి భాగానికి చెందిన ఒక రాతి శవపేటిక ఇప్పుడు అమెరికాలోని కాన్సస్ సిటీ మ్యూజియంలో ఉంది. దాని మీద యువాన్ గు అనే కుర్రవాడి కథ కనిపిస్తుంది. తండ్రి ముసలి తాతను మోసుకుపోయి అడవిలో వదిలేస్తాడు. మనవడు ఆ మోతబల్లను మాత్రం ఇంటికి పట్టుకొస్తాడు. ఎందుకురా అంటే, రేపు నీకూ కావాలి కదా అంటాడు. తండ్రి సిగ్గుపడి తాతను వెనక్కి తెచ్చుకుంటాడు. ‘తాతకు పెట్టిన బొచ్చె తలవైపునే ఉంది’ అనే తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు.

భారతదేశంతో ఇంతకంటే సూటైన సంబంధం మరొకటుంది. గుడ్డివారైన తల్లిదండ్రులను అడవిలో సేవించే సామ జాతక కథ సాంచీ పడమటి తోరణం మీద, అజంతా పదో గుహలో బొమ్మలుగా ఉంది. మన శ్రవణకుమారుడి కథకు ఇది దగ్గరి చుట్టం. బౌద్ధ అనువాదాలతో ఈ కథ చైనా చేరి, దున్‌హువాంగ్ గుహల్లో కుడ్యచిత్రమైంది. చివరకు తాన్ జీ అనే చైనా కుమారుడి పేర స్థిరపడింది. కళ్ల జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల కోసం అతను లేడితోలు కప్పుకుని మందలో దూరి పాలు పితుకుతాడు. వేటగాడు గురిపెట్టేసరికి లేచి నిజం చెప్పి బతికిపోతాడు. రామాయణంలో మునికుమారుడికి ఆ అదృష్టం లేదు.

యువాన్ పాలన కాలంలో (1271–1368) గువో జుజింగ్ కూర్చాడని చెప్పే ‘ఇరవైనలుగురు’ ఆదర్శ పుత్రుల సంకలనంతో ఈ కథలు ఇంటింటి పుస్తకమయ్యాయి. కథకో బొమ్మ, నాలుగు పాదాల పద్యం, చిన్న వచనం. అచ్చుచెక్కలతో చౌకగా ముద్రించుకునే వీలుండటంతో శతాబ్దాల పాటు ఇదే పిల్లల తొలి బొమ్మల పుస్తకాల్లో ఒకటైంది. ఇందులో నిజంగా పిల్లల ఈడువాళ్లు కొందరే. తొమ్మిదేళ్ల హువాంగ్ షియాంగ్ వేసవిలో తండ్రి తలగడను విసనకర్రతో చల్లబరుస్తాడు, చలికాలంలో తన ఒంటితో పడకను వెచ్చజేస్తాడు. ఆరేళ్ల లూ జీ విందులో ఇచ్చిన నారింజపళ్లను అమ్మ కోసం చొక్కాలో దాచుకుంటాడు. ఎనిమిదేళ్ల వూ మెంగ్ దోమలు తల్లిదండ్రుల మీదికి పోకుండా తననే కుట్టనిస్తాడు. ఇంతవరకు పిల్లవాడికి అర్థమయ్యేవే. తక్కినవాటిలో కొన్ని భయం పుట్టిస్తాయి: తల్లికి తిండి చాలదని గువో జూ తన పసివాడిని పాతిపెట్టడానికి గొయ్యి తవ్వుతాడు, అందులో బంగారం దొరుకుతుంది. పెద్దల తప్పును పిల్లవాడు సరిదిద్దిన యువాన్ గు కథకు మాత్రం ఈ జాబితాలో చోటు లేదు. పుస్తకంలోని లోటు అక్కడే ఉంది.

కొరియాలో ఇలాంటి బొమ్మల పుస్తకం వేసే పని ప్రభుత్వమే చేపట్టింది. 1428లో జిన్జూలో ఒకడు తండ్రిని చంపాడన్న వార్తకు కలవరపడిన సెజోంగ్ రాజు, శిక్షలతోపాటు ప్రజలకు మంచి నడత నేర్పే పుస్తకం కావాలన్నాడు. 1434లో అచ్చయిన ‘సమ్గాంగ్ హేంగ్సిల్దో’లో పుత్రులు, రాజభక్తులు, పతివ్రతలు ఒక్కో విభాగంలో 110 మంది చొప్పున ఉన్నారు. ఒక వైపు బొమ్మ, వెనక వైపు చైనా లిపిలో కథ. సామాన్యులకు ఆ లిపి రాదు కాబట్టి ఒక్క బొమ్మలోనే కథలోని ఘట్టాలన్నీ గీయించారు. కొండలూ మేఘాలూ గోడలూ వాటిని విడదీస్తాయి. 1481లో పై అంచున కొరియా లిపిలో అనువాదం చేర్చారు. తర్వాత పుస్తకాన్ని 105 కథలకు కుదించారు.

జపాన్‌లోనూ ఈ కథలు బొమ్మలతో వెలువడ్డాయి, కునియోషి లాంటి చిత్రకారులు 19వ శతాబ్దంలో చెక్కముద్రలు వేశారు. అయితే 1686లోనే అక్కడి రచయిత ఇహారా సైకాకు ఇరవైమంది దుష్టపుత్రుల కథలు రాసి ఈ సంప్రదాయాన్ని తలకిందులు చేశాడు.

‘ఇరవైనలుగురు’ పుస్తకం పిల్లవాడికి ఎలా తగులుతుందో బయటపెట్టింది చైనా రచయిత లూ షున్. 1926లో రాసిన వ్యాసంలో తన చిన్ననాటి ప్రతిని తలచుకున్నాడు. చదువురాని ఆయా సైతం బొమ్మ చూసి కథ చెప్పేసేదట. అతనికి గిట్టనివి రెండు: లావో లైజీ, గువో జూ. ఆ ముసలివాడి చేతిలోనూ, గొయ్యి పక్కన తల్లి ఒడిలోని పసివాడి చేతిలోనూ ఒకే ఆటవస్తువు, బుడబుక్క లాంటి గిలక. అది పసివాడికి సరే, ముసలివాడికేం పని? పాత కథనంలో లావో లైజీ నిజంగానే జారిపడి, అమ్మానాన్నలు బాధపడతారని పసివాడిలా ఏడుస్తాడు. తర్వాతివాళ్లు దాన్ని కావాలని పడే నటనగా మార్చారని లూ షున్ ఫిర్యాదు. రెండో కథ మరీ దగ్గరగా తగిలింది. ఇంట్లో డబ్బుకు కటకట, నాయనమ్మ ముసలిది. నాన్న గువో జూ బాట పడితే గోతిలోకి వెళ్లేది తానే కదా అని అతని బెంగ.

చైనాలో మహిళా సమాఖ్య, వృద్ధుల సంక్షేమ యంత్రాంగం 2012లో కొత్త ఇరవైనాలుగు నియమాలు ప్రకటించాయి. వారానికోసారి ఫోన్ చేయడం, ఇంటర్నెట్ వాడకం నేర్పడం, సినిమాకు తీసుకెళ్లడం లాంటివి అందులో ఉన్నాయి. గోతులు తవ్వడాలు లేవు. 2013 జూలై 1 నుంచి అమలైన సవరణతో, విడిగా ఉంటున్న తల్లిదండ్రులను తరచూ చూసిరావడం అక్కడ చట్టంలోకీ ఎక్కింది.