గుండం తొక్కిన నాస్తికుడిది ఏ మతం?

నాస్తికత్వం కూడా ఒక మతమేనన్న మాట తెలుగు సభల్లో చాలా పాతది. "దేవుడున్నాడని మా నమ్మకం, లేడని మీ నమ్మకం, చెల్లుకు చెల్లు" అని వేదిక మీద ఒక పెద్దమనిషి అంటాడు. హాలు చప్పట్లు కొడుతుంది, చర్చ అక్కడితో ఆగుతుంది. విశ్వవిద్యాలయాల్లో ఇదే మాట కాస్త బరువైన పరిభాష తొడుక్కుని తిరుగుతోంది. తెలుగునేల మీద నాస్తికులు చేసిన పనులతో ఆ మాటను సరిచూసినవారు తక్కువ. ఈ వ్యాసానికి పురికొల్పింది ఆ లోటే.

మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితిపై యోహానెస్ క్వాక్ 2012లో, తెలుగు నాస్తికులపై స్టెఫాన్ బైండర్ 2020లో పుస్తకాలు వెలువరించారు. ఇద్దరూ క్షేత్రంలో తిరిగి రాసినవారే. అయితే సాధారణ పాఠకుడి దాకా వెళ్లింది వారి మాట కాదు, 2018లో 'సెవెన్ టైప్స్ ఆఫ్ అథీయిజం' రాసిన జాన్ గ్రే మాట. ఆధునిక నాస్తికత్వంలో చాలా భాగం వేషం మార్చిన క్రైస్తవమేనని ఆయన వాదం. దేవుడు లేచిపోయిన పీట మీద మానవజాతిని కూర్చోబెట్టారు, మోక్షం బదులు ప్రగతి అన్నారు, అంతకుమించి మారిందేమీ లేదంటాడు. ఆగస్ట్ కోంత్ విషయంలో ఈ మాటకు తిరుగులేదు. మానవతా మతమని పేరుపెట్టి, పూజారులతో, మహాపురుషుల పంచాంగంతో సహా కోంత్ ఒక చర్చినే తలపెట్టాడు. గ్రే కూడా దేవుణ్ణి నమ్మడని, ఏడు రకాల్లో చివరి రెండింటిని మెచ్చుకున్నాడని ఇక్కడ ఒప్పుకోవాలి.

కానీ ఆ ఏడు రకాలూ ఏరింది ఎక్కడినుంచి? మిల్, మార్కీ ద సాద్, షోపెన్‌హవర్, కాన్రాడ్, శాంతాయన... ముఖ్యపాత్రలన్నీ పడమటివే. ఒక్క మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందనవచ్చు గాని, పక్కింటి కుండ సంగతి చెప్పలేం కదా!

ఆ పక్కింటి కుండ కృష్ణా జిల్లా ముదునూరులో ఉంది. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. బందరు హిందూ కాలేజీలో మరికొన్నేళ్లు చేసి, దాన్నీ వదిలి, 1940లో భార్య సరస్వతీ గోరాతో కలిసి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. దేవుడు లేడని ఉపన్యాసాలిచ్చినందుకే గోరా చరిత్రలో నిలబడలేదు. దయ్యాల కొంపగా పేరుపడిన ఇంట్లో కావాలని కాపురమున్నారు. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం చూస్తే బిడ్డకు అవకరం వస్తుందని ఊరంతా అంటే, సరస్వతి గర్భవతిగా ఉండి గ్రహణవేళ బయటికొచ్చి నిలబడ్డారు.

గుండం సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. వీరభద్రుడి ఉత్సవాల్లోనూ పీర్ల పండుగలోనూ భక్తులు నిప్పుల మీద నడుస్తారు. ఉపవాసం, దీక్ష, తడిబట్ట, ఒంటిమీదికి వచ్చే పూనకం, ఇవన్నీ ఉంటేనే కాళ్లు కాలవని నమ్మకం. సరస్వతీ గోరా, నాస్తిక కేంద్రం వారు ఇవేవీ లేకుండా జనం ఎదుట అదే గుండం తొక్కారు. కర్ర నిప్పులు, వాటి మీది బూడిద వేడిని నెమ్మదిగా అందిస్తాయి. వడివడిగా నడిచేవారి పాదం నిప్పును తాకేది క్షణం సేపే. మధ్యలో ఆగితే భక్తుడికైనా నాస్తికుడికైనా బొబ్బలెక్కడం ఖాయం. కర్ర నిప్పుల బదులు ఇనప రేకును అంతే వేడికి కాల్చి పరిస్తే, ఏ దీక్షా కాపాడదు.

ఈ ప్రదర్శనను ఇంకో రకం గుండమనీ, ఇంకో రకం పూజ అనీ కొట్టిపారేయడం సులువు. తేడా ఒకచోట ఉంది. భక్తుడి కాలు కాలితే దీక్షలో లోపమంటారు, దేవుడి మీదికి రానివ్వరు. నాస్తికుడి కాలు కాలితే అతని వాదమే అక్కడికక్కడ ఓడిపోతుంది. తాను ఎలా ఓడిపోవచ్చో ముందే చెప్పి బరిలోకి దిగేదాన్ని విశ్వాసమని పిలవడం ఈ వ్యాసకర్తకు కుదరడం లేదు.

పెళ్లిళ్లు ఇంతకంటే గట్టి సాక్ష్యం. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహవిధి' రాసి, తానే పురోహితుడై తెలుగులో పెళ్లిళ్లు చేయించారు. గ్రే చూస్తే సంబరపడేవాడు: మంత్రం పోయి మరో మంత్రం వచ్చింది! గోరా ఇంటి పెళ్లిళ్లు ఆ దారిన పోలేదు. పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలనుకున్నప్పుడు, సేవాగ్రామ్ ఆశ్రమంలో తానే జరిపిస్తానన్నారు గాంధీ. దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది, మార్చి 13న ఆ ఆశ్రమంలోనే పెళ్లి అయింది. 1960లో పెద్ద కొడుకు లవణం మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను అక్కడే చేసుకున్నారు. దేవుడి పీట ఖాళీగా ఉందా, ఇంకెవరైనా ఎక్కారా అన్న గ్రే ప్రశ్నకు ఈ పెళ్లిళ్లలో చోటే లేదు. అక్కడ కూలదోసింది కులాన్ని. దైవాన్ని కాదనడం కులాన్ని కాదనడానికి పనిముట్టయింది. కోంత్‌కు ఇలాంటి అవసరం రాలేదు, అందుకే గ్రే లెక్కలో ఇది దొరకదు. ఆ మాటకొస్తే భారతీయ నాస్తికత్వం మొత్తాన్నీ మతాల వరసలోంచి తీసి, సంఘసంస్కరణ చరిత్రలో పెట్టి చదవాల్సిందే.

మనిషి స్వేచ్ఛాజీవి అన్న గోరా మూలసూత్రం కూడా రుజువుకు అందని నమ్మకమే కదా అనేవారున్నారు, ఆ అభ్యంతరంలో కొంత పస లేకపోలేదు.

అవతలి పక్షం అమెరికా నుంచి ఒక తీర్పును తెస్తుంది. విస్కాన్సిన్ జైలులో నాస్తికుల అధ్యయన బృందానికి అనుమతి నిరాకరించిన కేసులో, రాజ్యాంగ రక్షణ కోసం నాస్తికత్వాన్ని మతంగా పరిగణించాలని 2005లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చింది భక్తులతో సమానమైన హక్కు. నాస్తికుడు దేన్నో కొలుస్తున్నాడని అది తేల్చలేదు. మన కోర్టులు ఇంకా సూటిగా ఉన్నాయి. మతం చెప్పి తీరాలని పౌరుణ్ణి ప్రభుత్వం బలవంతపెట్టరాదని బొంబాయి హైకోర్టు 2014లో తీర్పిచ్చింది. జనన ధ్రువపత్రం దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అనే గడి ఉండాలని తెలంగాణ హైకోర్టు 2023లో ఆదేశించింది.

జనగణన విభాగం మాత్రం ఇంకా గ్రే పక్షమే. 2011లో నాస్తికులమని రాయించుకున్నవారు సుమారు 33 వేల మంది. వారి లెక్క 'ఇతర మతాలు, విశ్వాసాలు' అనే పట్టికలో చేరింది. జవాబు చెప్పనివారిని 'మతం పేర్కొననివారు' అన్న గంపలో వేశారు. రాబోయే జనగణన 2027లో. ఈసారైనా 'మతం లేదు' అన్నదానికి విడి కోడ్ ఇవ్వాలి. ఇచ్చినా ఇవ్వకపోయినా, మతం లేనివారు గణకుడు అడిగినప్పుడు ఇంటిపేరు చూసి రాసుకోమని ఊరుకోకుండా, ఆ జవాబే చెప్పి, అది రాసేదాకా దగ్గరుండి చూసుకోవాలి.