నల్లరేగడిలో కర్బనం ఎట్లా నిలిచింది?

భూసార పరీక్ష కార్డు చేతికి రాగానే మనం యూరియా ఎన్ని బస్తాలు వేయాలో చూస్తాం. సేంద్రియ కర్బనం అన్న వరుస మీద కన్ను నిలవదు. ఆ వరుస ఎందుకు ముఖ్యమో చెప్పే ముచ్చట ఒకటి మన తెలంగాణలోనే జరిగింది.

పెద్దల కాలంలో లోతైన నల్లరేగడిని చాలాచోట్ల వానాకాలం పడావు పెట్టేవాళ్లు. వాన పడితే నేల జిగటై నాగలి సాగదు. వానలు వెనక్కి తగ్గాక, మిగిలిన తేమ మీద యాసంగి జొన్నో శనగో వేసేవాళ్లు. అది అనుభవంతో వచ్చిన పద్ధతే. కానీ వాన దంచే నెలల్లోనే నేల బోసిగా ఉండేది.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ సంస్థ మొదలైంది. 1976 నుంచి అక్కడి నల్లరేగడిలో రెండు పద్ధతులను ఏళ్ల తరబడి పోల్చి చూశారు. ఒక చేన్లో పాత పద్ధతే: వానాకాలం పడావు, యాసంగి పంట, రెండేళ్లకోసారి పశువుల ఎరువు. రెండో చేన్లో వెడల్పాటి ఎత్తు మడులు, నడుమ కాలువలు చేసి, వానకు ముందే పొడి దుక్కిలో జొన్న, కంది కలిపి విత్తారు. ఎకరాకు సుమారు ఒక యూరియా బస్తాలో ఉండేంత నత్రజని, కొంత భాస్వరం వేశారు.

ఇరవై ఏళ్లు దాటాక చూస్తే, పాత చేన్లో ఎకరాకు ఏటా సగటున నాలుగు క్వింటాళ్ల గింజ, కొత్త చేన్లో సుమారు ఇరవై. నాలుగడుగుల లోతు వరకు మట్టిలో ఉన్న కర్బనం పాత చేన్లో ఎకరాకు 16 టన్నులు, కొత్త చేన్లో 19 టన్నులు. నత్రజని కూడా కొత్త చేన్లోనే ఎక్కువ.

పశువుల ఎరువు పడిన చేను ఎందుకు వెనుకబడింది? తప్పు ఎరువుది కాదు. బోసి నేల మీద వాన పడి సారమున్న పైమట్టి కొట్టుకుపోయింది. పంట తక్కువైతే నేలకు తిరిగిచ్చే వేరు, ఆకు కూడా తక్కువే. కొత్త చేన్లో పైరు మట్టిని కాపాడింది. కంది వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టాయి, రాలిన ఆకు కర్బనమైంది.

అక్కలారా, నత్రజని బస్తాలో దొరుకుతుంది. కర్బనం మాత్రం చేన్లో పెరిగిన ఆకు, వేరు, చేన్లో వేసిన పెంట నుంచే రావాలి. ఈసారి కార్డు వస్తే కర్బనం వరుస కూడా సంఘంలో చదువుకుందాం. వానాకాలం ఎవరి చేను బోసిగా ఉంటుందో, అందులో ఏ పప్పుధాన్యం కలపొచ్చో విత్తనాలు తెచ్చుకునే ముందే మాట్లాడుకుందాం.