ద్యోతకం

పత్రికల తెలుగులో ‘ద్యోతకం’ ఒంటరిగా కనబడదు, ఎప్పుడూ ‘అవుతూ’ ఉంటుంది. మాటల్లో అసంతృప్తి ద్యోతకమవుతుంది, ముఖంలో అలసట ద్యోతకమవుతుంది. ధాతువు ద్యుత్, అంటే వెలగడం. ఆకాశంలో వెలుగుతుంది కనుక మిణుగురు ఖద్యోతం. అదే ధాతువుకు ముందు ‘వి’ చేరితే విద్యుత్తు. కాబట్టి వెలిగి చూపేది ద్యోతకం. కారు మీటర్ల మధ్య ఎర్రగా వెలిగే చిన్న దీపానికి ఇంతకన్నా తగిన పేరు నాకు తోచడం లేదు. ‘సూచిక’ అందామంటే పక్కనే సూచి, అంటే సూది, గుర్తొస్తుంది; అది ముల్లున్న మీటరుకే నప్పుతుంది.

వ్యాకరణంలో ఈ మాటకు పాత తగువొకటి ఉంది. ‘ప్ర’, ‘వి’, ‘సం’ లాంటి ఉపసర్గలకు సొంత అర్థం ఉందా? ఉందన్నాడు గార్గ్యుడు. విడిగా లేదు, పక్కనున్న పదం అర్థాన్ని వెలికి చూపడమే వాటి పని అన్నాడు శాకటాయనుడు. నిరుక్తంలో యాస్కుడు ఇద్దరి వాదాలూ చెప్పాడు. (శాకటాయనుడి పేరులోనే శకటం ఉంది. అయినా రథాల దారిలో కూర్చున్న ఆ పెద్దమనిషి ఎదుటినుంచి బళ్ల బారు పోతున్నా గమనించలేదని మహాభాష్యంలో పతంజలి చెబుతాడు. వైయాకరణులకు బండి అప్పగించకూడదేమో!) వాక్యపదీయంలో భర్తృహరి ఈ రెంటికీ తోడు మూడోది చేర్చాడు: ఉపసర్గ వాచకం (అర్థాన్ని తానే చెప్పేది) కావచ్చు, ద్యోతకం కావచ్చు, ధాతువుకు శక్తినిచ్చే సహకారీ కావచ్చు.

శక్తినివ్వడమంటే ఏమిటో చూడాలంటే పాత అంబాసిడర్ బానెట్ ఎత్తాలి. 2014లో తయారీ ఆగిపోయినా, ఆ బండిని ముస్తాబు చేసుకుని తిప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత మోడళ్లలో ఉండేది డైనమో. లోపలి ఇనుములో మిగిలివున్న కాస్త అయస్కాంతత్వంతో అది తనంతట తానే పుంజుకుంటుంది. దాని ఛార్జింగ్ లైటు ఉత్త ద్యోతకం. ఇప్పుడు ఆ డైనమో తీసి ఆల్టర్నేటరు బిగిస్తారు (మెకానిక్కులు చాలామంది దాన్నీ డైనమో అనే అంటారు). సాధారణ రకం ఆల్టర్నేటరు రోటరు చుట్టకు మొదట బయటినుంచి కొంచెం కరెంటు అందాలి. తాళం తిప్పగానే ఆ కరెంటు వెళ్లేది ఛార్జింగ్ లైటు గుండానే! ఇంజను తిరిగి ఆల్టర్నేటరు ఉత్పత్తి అందుకున్నాక బల్బు రెండు కొసల్లోనూ వోల్టేజి సమానమవుతుంది, బల్బు ఆరిపోతుంది. అంటే బ్యాటరీకి ఛార్జింగ్ అందడం లేదని చెప్పే దీపమే ఆ ఛార్జింగ్ మొదలవడానికి చెయ్యి వేస్తోంది.

12 వోల్టుల దగ్గర 2.2 వాట్ల బల్బులో సుమారు 180 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారుతుంది. దాని చోట ఎల్‌ఈడీ పెడితే మహా అయితే 20. చూడ్డానికి ఎల్‌ఈడీ ఎంతో చురుకు, ఏళ్ల తరబడి మాడిపోదు, వేడెక్కదు. అయితే రోటరుకు ఆ కరెంటు చాలదు. బండి స్టార్టయ్యాక గట్టిగా రేస్ చేస్తే తప్ప ఛార్జింగ్ అందుకోదు, ఒక్కోసారి అప్పుడూ అందుకోదు. యజమాని కొత్త ఆల్టర్నేటర్ని తిడతాడు. నిజానికి తప్పు దీపం మార్చిన చోట ఉంది. ఎల్‌ఈడీకి సమాంతరంగా 68 ఓముల రెసిస్టరు ఒకటి కలిపితే పాత కరెంటు తిరిగొస్తుంది. రెండు వాట్లకు పైగా వేడి పుడుతుంది కాబట్టి అది ఐదు వాట్లదై ఉండాలి, ప్లాస్టిక్‌కు తగలకుండా బిగించాలి. కంప్యూటరు చెప్పినట్టు ఛార్జ్ చేసే ఇటీవలి బళ్లకు ఈ చిట్కా వర్తించదు.

ఆయిల్ లైటు దగ్గర ఈ గొడవేమీ లేదు. ప్లస్ మైనస్ సరిచూసుకుంటే చాలు. ఛార్జింగ్ లైటులో మాత్రం ఒకే గాజుబుడ్డి చేసిన రెండు పనులు విడిపోయాయి. ద్యోతకం ఎల్‌ఈడీకి, సహకారిత్వం వెనక కనబడని రెసిస్టరుకు. భర్తృహరి చెప్పినవాటిలో ఇక మిగిలింది వాచకం. అది కూడా కావాలనుకున్నవాళ్లు పక్కన వోల్టు మీటరు బిగించుకుంటారు. ఇంజను నడుస్తుండగా అది 14కు అటూఇటూగా చూపిస్తే ఛార్జింగ్ సరిగా ఉన్నట్టే.