పొలంలో నెమలి గుడ్లు కనిపిస్తే ఏం చేయాలి?

నెమలి చెట్ల మీద గూడు కట్టదు. పొదల చాటున నేలపై చిన్న గుంట చేసి, ఆకులు, పుల్లలు పరిచి గుడ్లు పెడుతుంది. దక్షిణ భారతంలో ఏప్రిల్, మే నెలల్లో ఇది ఎక్కువ. సాధారణంగా 4 నుంచి 6 గుడ్లుంటాయి. ఆడ నెమలి ఒక్కటే సుమారు 28 రోజులు పొదుగుతుంది. పిల్లలు పుట్టగానే తల్లి వెంట నడుస్తాయి. మగ నెమలి కన్నీరు తాగి ఆడది గుడ్లు పెడుతుందన్నది అపోహ. మిగతా పక్షుల్లాగే జతకట్టాకే పెడుతుంది.

కొందరు ఈ గుడ్లు తెచ్చి కోడి కింద పొదిగిస్తుంటారు. ఇది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో నెమలి ఉంది. గుడ్లు తీసినా, పగలగొట్టినా వేట కిందకే వస్తుంది. 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు.

రైతులు పాటించాల్సినవి:

- గుడ్లు ముట్టకండి. చుట్టూ కొంత జాగా వదిలి దున్నుకోండి, కోయండి. పిల్లలయ్యాక మిగతాది చేసుకోవచ్చు.
- కుక్కలను దగ్గరకు రానివ్వకండి.
- విత్తనాలు తింటున్నాయని విషం కలిపిన గింజలు చల్లకండి. నష్టం ఎక్కువగా ఉంటే అటవీ శాఖ సిబ్బందికి తెలపండి.