ఊరిని విడవని తలుపుల మిల్లు

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకు దగ్గర్లో వార్‌రోడ్ అనే ఊరుంది. జనాభా రెండు వేలకు లోపే. చలికాలం వస్తే పక్కనున్న లేక్ ఆఫ్ ది వుడ్స్ సరస్సు గడ్డకడుతుంది. పెద్ద నగరాలకు ఇంత దూరంగా ఉన్న ఈ ఊళ్లోనే మార్విన్ కుటుంబం నూరేళ్లు దాటినా తలుపులు, కిటికీల వ్యాపారం సాగిస్తోంది.

మన ఊళ్లలో ముహూర్తం చూసి ద్వారబంధం నిలబెట్టాక, వడ్రంగి కొలతలు తీసుకుని రెక్కలు బిగించేవాడు. అమెరికాలో 19వ శతాబ్దంలోనే ఈ పని చాలావరకు మిల్లులకు చేరింది. కోత, చిత్రిక, చట్రం కూర్పు అన్నీ అక్కడే పూర్తయ్యేవి, తయారైన సరుకు రైలెక్కేది. దాన్నే మిల్‌వర్క్ అంటారు.

జార్జ్ మార్విన్ 1912లో వార్‌రోడ్‌లో పెట్టింది మాత్రం కలప అడితి. 1939లో కొడుకు బిల్ వ్యాపారంలోకి వచ్చాడు. అక్కడి కుర్రాళ్లు, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు పని వెతుక్కుంటూ ఊరు విడిచిపోకూడదని అతని తాపత్రయం. అందుకే అడితి పక్కన కిటికీ చట్రాల తయారీ పెరిగింది. ఈ సంస్థ కథకు అసలు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

1961లో ఫ్యాక్టరీ అగ్నికి ఆహుతైంది. మార్కెట్‌కు దగ్గరగా మరోచోట కట్టుకోవాలంటే అంతకు మించిన అదను రాదు. మార్విన్‌లు మళ్లీ వార్‌రోడ్‌లోనే కట్టారు.

అంతకంటే కఠిన పరీక్ష 2008లో ఆర్థిక మాంద్యంతో మొదలైంది. అమెరికాలో 2005లో ఇరవై లక్షలకు పైగా కొత్త ఇళ్లకు పునాదులు పడితే, 2009లో పడినవి ఐదున్నర లక్షలే. ఇళ్లే లేకపోతే తలుపులెవరికి? పోటీ సంస్థలు ఫ్యాక్టరీలు మూసేస్తుంటే, మార్విన్ మాత్రం పనివాళ్లను ఇంటికి పంపలేదు. పని గంటలు తగ్గించారు, యజమానులూ తమ జీతాలు కోసుకున్నారు. భారం పనివాళ్ల మీదా పడింది. చేతికొచ్చే డబ్బు తగ్గితే చలి ప్రాంతంలో ఇల్లు గడపడం తేలిక కాదు. అయినా ఉద్యోగం మిగిలింది, దానితో ఊరూ మిగిలింది. 2012 సెప్టెంబరులో డెమొక్రటిక్ పార్టీ మహాసభలో అప్పటి అధ్యక్షుడు ఒబామా, సంస్థ పేరెత్తకుండానే, వార్‌రోడ్‌లోని ఆ కుటుంబ వ్యాపారాన్ని మెచ్చుకున్నారు. నాలుగు వేల మంది ఉద్యోగుల్లో ఒక్కరినీ తీసేయలేదన్నారు.

ఇందులో వ్యాపార వివేకమూ ఉంది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఆర్డర్‌కు తగ్గట్టు ఒక్కో ఇంటికి ఒక్కో కొలతతో చెక్క పని చేయాలంటే చేయి తిరిగినవాళ్లు కావాలి. కలప ఎక్కడ ఉబ్బుతుందో, ఎక్కడ వంకర తిరుగుతుందో ఏళ్ల తరబడి పట్టుకుంటేనే తెలుస్తుంది. అలాంటివాళ్లు ఒకసారి ఊరు దాటితే, గిరాకీ తిరిగొచ్చిన రోజున ఇంత చిన్న ఊళ్లో వాళ్లకు బదులు ఎవరు దొరుకుతారు? బిల్ మార్విన్ 2009లో కన్నుమూశాడు. ఆయన తర్వాతి తరాలు సంస్థను అమ్ముకోలేదు. లాభాల్లో పనివాళ్లకు వాటా ఇవ్వడం అక్కడ పాత ఆనవాయితీ; మాంద్యం దాటి మళ్లీ లాభాలు కళ్లజూశాక ఆ వాటా చెక్కులు తిరిగి పంచారు.